బ్రౌజరులలోని అంతర్నిర్మిత ప్రకటన నిరోధము

తెలుగు సంఘములు వెలువరించు ప్రత్యేక సంచికలను చేతబట్టినవారికి, తొలి పుటలలోను కడపటి పుటలలోను స్థానిక వర్తకుల ప్రకటనలు కనబడుట చిరపరిచితమైన విషయము. బళ్లారిలోనైనను, హోసూరులోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను, యానాములోనైనను నగల యంగడివారో, నూనె మిల్లువారో, వస్త్రవ్యాపారులో అరపుటకో పూర్తిపుటకో సొమ్మిచ్చి సంఘమునకు తోడ్పడుదురు. ఆ సొమ్ముతోనే కాగితమునకును అచ్చునకును వ్యయము గడచును. అట్టి ప్రకటనను చూచి చదువరి విసిగికొనడు. ఇష్టమున్న చదువును, లేకున్న పుట త్రిప్పును. తన్ను చదివినది ఎవరో ఆ ప్రకటనకు తెలియదు. తెలిసికొనవలెనన్న కోరికయు దానికి లేదు.

అంతర్జాలపు పుటలోని ప్రకటన ఇట్టిది కాదు. అది చదువరిని తానే చదువును. ఈ భేదమును గ్రహించినచో, బ్రౌజరులను నిర్మించువారు ప్రకటనలను అడ్డగించు యంత్రాంగమును తమ బ్రౌజరులోనే ఏల అమర్చుచున్నారో, అందువలన మేలు పొందువారెవరో, నష్టపడువారెవరో తెలిసికొనుట సులభమగును.

అంతర్జాలపు పుట ఎట్లు తయారగునో మొదట చూడవలెను. ఒక వార్తాపత్రిక వెబ్‌సైటును తెరచినపుడు పుట యంతయు ఒక్క మూటగా ఒక్క చోటినుండి రాదు. బ్రౌజరు మొదట ఆ పత్రికవారి సర్వరునకు కోరికను పంపును. బదులుగా ఒక పత్రము వచ్చును. అందు వ్యాసభాగముతోపాటు, పెండ్లివంటకు పూనుకొన్న వంటపెద్ద వ్రాసియిచ్చు సరకుల పట్టీవంటి దొకటి యుండును. ఈ ఫొటో ఫలాని చోటినుండి, ఈ తెలుగు ఫాంటు ఇంకొక చోటినుండి, ఈ ప్రోగ్రాము వేరొక చోటినుండి తెచ్చికొనవలెనని అందుండును. బ్రౌజరు మారుమాటాడక ఆ పట్టీ ప్రకారము అంగడి యంగడికి తిరిగి సరకులన్నియు తెచ్చి పుటను కూర్చును. పట్టీలోని యంగళ్లు కొన్ని పత్రికవారివే. పెక్కు చదువరి యెన్నడును పేరు వినని మూడవ పక్షపు సంస్థలవి. ప్రకటనలను సరఫరా చేయు సంస్థలు ఈ మూడవ పక్షమువారే.

అట్టి సంస్థ, తాను పంపు ప్రోగ్రాముతోపాటు, కుకీ యను చిన్న గుర్తుచీటీని చదువరి యంత్రములో నుంచి పోవును. అదే సంస్థకు వంటల పుటలోను, వైద్యపు పుటలోను, ఉద్యోగముల పుటలోను చోటున్నందున, ఆ చీటీ గలవాడు ఎక్కడెక్కడ తిరిగెనో దానికి తెలియును. చదువరి మధుమేహమును గూర్చి చదివి, పిమ్మట క్రికెట్టు వార్తలకు పోయినచో, అచ్చటను మధుమేహపు మందు ప్రకటనయే యెదురగుట ఇందువలననే. పుట పూర్తిగా తెరచుకొనక మున్నే, ఆ చదువరి కన్నులయెదుట నిలుచు హక్కునకై ప్రకటనకర్తల నడుమ యంత్రములే వేలము నడపును. సెకనులో కొద్దిభాగమున అది ముగియును. ఈ వేలమునకు కావలసిన రాకపోకల ఖర్చు, అనగా డేటాయు, బ్యాటరీయు, కాలమును, చదువరివే యగుట గమనింపదగినది. ఖర్చుతోనే పోదు, అపాయము కూడ కలదు. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ వంటి ప్రసిద్ధ వెబ్‌సైటులలో సైతము ప్రకటనల మార్గమున దుష్ట ప్రోగ్రాములు చొరబడెను. ఆ పత్రికలవారు చేసిన దోషము కాదది. తమ పుటలో ఏ ప్రకటన నిలుచునో వారికే ముందుగా తెలియని పద్ధతి దోషము. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్.బి.ఐ. వారు, వెదకునపుడు కనబడు మోసపు ప్రకటనలను గూర్చి ప్రజలను హెచ్చరించుచు, ప్రకటనలను అడ్డగించు సాధనమును వాడికొనుడని బహిరంగముగానే సలహా యిచ్చిరి.

ఈ వ్యవహారమునకు మొదలు 1994 అక్టోబరు 27వ తేదీ. ఆనాడు హాట్‌వైర్డ్ అను అమెరికా వెబ్‌పత్రికలో ఏటీ అండ్ టీ సంస్థవారి పతాక ప్రకటన వెలువడెను. అది యొక చిన్న బొమ్మ మాత్రమే. కొన్నియేండ్లకు, పుటపై వేరొక కిటికీగా దుమికివచ్చు ప్రకటన పుట్టెను. ట్రైపాడ్ అను సంస్థలో పనిచేయుచు దానికి ప్రోగ్రాము వ్రాసిన ఈతన్ జుకర్‌మన్, 2014లో అట్లాంటిక్ పత్రికలో వ్యాసము ప్రచురించి అందులకు క్షమాపణ చెప్పుకొనెను. ఆ దుముకుడు కిటికీలను ఆపుటయే బ్రౌజరులలోని తొలి అంతర్నిర్మిత నిరోధము. మొదట నార్వే దేశపు ఒపెరాయు, 2002లో మొజిల్లాయు, 2004లో మైక్రోసాఫ్టువారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును ఆ సౌకర్యము కల్పించెను. కావున బ్రౌజరు ప్రకటనను అడ్డగించుట నిన్నమొన్నటి వింత కాదు. అడ్డు ఎంతవరకు, ఎవరి మాటపై ననునది మాత్రమే క్రొత్త ప్రశ్న.

తక్కిన ప్రకటనలను ఆపు పని చాలకాలము బ్రౌజరు వెలుపలివారే చేసిరి. 2002లో డెన్మార్కు దేశపు విద్యార్థి హెన్రిక్ ఓస్టెడ్ సోరెన్‌సెన్ యాడ్‌బ్లాక్ అను అనుబంధ ప్రోగ్రామును వ్రాసెను. ఇట్టివానిని ఎక్స్‌టెన్షను లందురు. 2006లో వ్లాదిమిర్ పలాంట్ దానిని తిరుగవ్రాసి యాడ్‌బ్లాక్ ప్లస్‌గా వెలువరించెను. ఈ నడుమ 2005లో ఈజీలిస్ట్ అను నియమముల పట్టిక యొకటి మొదలయ్యెను. ప్రోగ్రాములకంటె ఈ పట్టికయే ముఖ్యము. నేటి అంతర్నిర్మిత నిరోధములలో పెక్కింటికి ఆధారమదియే. దానిని కాపాడుచున్నవారు స్వచ్ఛంద సేవకులు.

ఈ పట్టికలోని పంక్తులు చూచుటకు మంత్రాక్షరములవలె నుండును గాని వాని తాత్పర్యము సులభము. రెండు నిలువు గీతలు, వాని వెనుక ఒక సంస్థ చిరునామా, చివర గొడుగువంటి చిన్న గుర్తు ఉన్నచో, ‘ఈ చిరునామాకు పోవు కోరికను పంపవలదు’ అని యర్థము. పుటలోని యొక భాగము పేరునకు ముందు రెండు హాష్ గుర్తులున్నచో, ఆ భాగము వచ్చినను చూపక దాచుమని యర్థము. ఈమెయిలు చిరునామాలలో నుండు ‘ఎట్’ గుర్తు పంక్తికి మొదట రెండుమారులున్నచో అది అపవాదము. తక్కిన నియమము లేమి చెప్పినను దీనిని పోనిమ్మని. బాలవ్యాకరణము చదివినవారికి సూత్రము చెప్పుటయు, వెంటనే దానికి మినహాయింపు చెప్పుటయు క్రొత్త కాదు. ఈజీలిస్టులో వేలకొలది సూత్రములు, వాని వెంట మినహాయింపులు కలవు. వ్యాకరణమువలెనే ఇదియు ప్రయోగమును వెంబడించుచు దినదినము మారుచుండును.

మొదటి జాతి నియమమునకును రెండవదానికిని గల భేదము సామాన్యముగా జనులు గుర్తింపరు. మొదటిది పట్టీలోని సరకునే కొట్టివేయును. బ్రౌజరు ఆ యంగడికి పోనేపోదు. డేటా మిగులును, గుర్తుచీటీ పడదు, వేలము జరుగదు. రెండవది తెచ్చిన సరకును మూలనుంచి గుడ్డ కప్పుటవంటిది. కంటికి హాయియే గాని ఖర్చు తగ్గదు, వేగు ఆగదు. ఏ బ్రౌజరైనను ‘ప్రకటనలు కనబడవు’ అని చెప్పినపుడు, ఈ రెంటిలో ఏది యెంత చేయుచున్నదని అడుగుట వివేకము.

ఎక్స్‌టెన్షను ఇంట అద్దెకున్నవాని వంటిది. ఇంటివాని షరతులకు లోబడియుండవలెను. అంతర్నిర్మిత నిరోధము ఇంటిగోడలోనే కట్టిన యినుపతలుపు. 2015 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ తన సఫారీ బ్రౌజరునకు ఐఫోనులలో నిరోధక ప్రోగ్రాములను జోడించుకొనుటకు అనుమతించెను. అది సగము దారి. 2016 మార్చిలో ఒపెరా తన బ్రౌజరులోనే నిరోధమును నిర్మించినట్లు ప్రకటించి, మే నెలలో అందరికిని అందించెను. వాడుకరి దానిని తానుగా తెరవవలెను. అదే యేడు జనవరిలో బ్రెండన్ ఐక్ బ్రేవ్ అను బ్రౌజరును ప్రకటించెను. వెబ్‌పుటలలోని ప్రోగ్రాములకు మూలమైన జావాస్క్రిప్టు భాషను 1995లో సృష్టించినవాడితడే. తాను పుట్టించిన భాషలోనే వేగులవారు తిరుగుచుండగా వారికి అడ్డుకట్ట కట్టుటకు పూనుకొన్నవాడును తానే యగుట ఒక విచిత్రము. బ్రేవ్‌లో నిరోధము అడుగకయే పనిచేయును. వివాల్డీ బ్రౌజరు 2020లో ఈ సౌకర్యమును చేర్చెను. ఫైర్‌ఫాక్స్ వేరొక త్రోవ త్రొక్కెను. అది ప్రకటనను ప్రకటనగా అడ్డగింపదు. 2019 సెప్టెంబరు నుండి వేగుచేయు మూడవ పక్షపు కుకీలను మాత్రము అందరికిని సహజముగా ఆపుచున్నది. న్యాయదృష్టితో చూచినచో ఈ మార్గము ఆలోచింపదగినది; దోషము ప్రకటనయందుకంటె వేగునందే యున్నదని అది యొప్పుకొనుచున్నది.

గోడలో కట్టుటవలన వేగము హెచ్చును. ప్రతి కోరికను వేలాది నియమములతో సరిపోల్చవలసి యుండగా, ఎక్స్‌టెన్షను ఆ పనిని బ్రౌజరునకు వెలుపల జావాస్క్రిప్టులో చేయును. బ్రేవ్ 2019లో తన నిరోధ యంత్రమును రస్ట్ అను భాషలో తిరుగవ్రాసి, సరిపోల్చు పని మునుపటికంటె సగటున 69 రెట్లు త్వరితమయ్యెనని ప్రకటించెను. నియమములను తగినట్లు పేర్చి, అవసరమైనవానినే పరీక్షించుట అందలి కిటుకు. నిఘంటువులో ఒక పదమును వెదకునపుడు అకారము మొదలుకొని చదువక తగిన యక్షరము నొద్దనే తెరచుటవంటిది.

వేరొక లాభము ఇటీవల బయటపడినది. గూగుల్ సంస్థ తన క్రోమ్ బ్రౌజరులో ఎక్స్‌టెన్షనుల నిబంధనలను మార్చెను. పూర్వము నిరోధక ప్రోగ్రాము ప్రతి కోరికను తాను చూచి, ఆపుటయో పోనిచ్చుటయో తానే నిర్ణయించెడిది. క్రొత్త నిబంధనల ప్రకారము నియమములను ముందే బ్రౌజరునకు అప్పగించవలెను. చూచునదియు నిర్ణయించునదియు బ్రౌజరే. భద్రతకొరకే ఈ మార్పని సంస్థవారి వాదము. దానిలో కొంత నిజము లేకపోలేదు. ప్రతి కోరికను చూడగల ప్రోగ్రాము దుష్టుల చేతబడిన ప్రమాదమే. ఐనను, 2014లో రేమండ్ హిల్ మొదలుపెట్టిన యూబ్లాక్ ఆరిజిన్ అను ప్రఖ్యాత నిరోధకము 2025లో క్రోమ్‌నందు నిలిచిపోయెను. దాని చిన్నరూపము మాత్రము మిగిలెను. గోడలోనే తలుపు గల బ్రౌజరులకు ఈ బాధ తగులలేదు.

క్రోమ్‌లోను అంతర్నిర్మిత నిరోధమొకటి కలదని పెక్కుమంది యెరుగరు. అది 2018 ఫిబ్రవరి 15న ఉత్తర అమెరికా, ఐరోపాలలో మొదలై, 2019 జులై 9 నుండి లోకమంతట అమలులోనికి వచ్చెను. ప్రకటనకర్తలును, పత్రికలును, గూగుల్ మున్నగు సంస్థలును కూడి ఏర్పరచుకొన్న సంఘమొకటి, జనులకు మిక్కిలి యసహ్యమైన ప్రకటనలు పండ్రెండు తెరగులని నిర్ణయించెను. కంప్యూటరు తెరకు నాలుగు, చేతిఫోనునకు ఎనిమిది. దుముకుడు కిటికీలు, తమంతట తామే శబ్దముతో నడచు వీడియోలు, తెరనంతయు కప్పి అంకెలు లెక్కించుచు నిలుపునవి మున్నగునవి ఇందు జేరును. హెచ్చరించినను ఇట్టివానిని మానని వెబ్‌సైటులో క్రోమ్ ప్రకటనలన్నిటిని అడ్డగించును. తక్కిన ప్రకటనలు యథాప్రకారము వచ్చును, వేగును యథాప్రకారము సాగును. గూగుల్ మాతృసంస్థ ఆదాయములో అధికభాగము ప్రకటనలవలననే వచ్చుచున్నది. కల్లు దుకాణదారుడే మద్యనిషేధ సంఘమునకు అధ్యక్షుడైనచో, ఆ సంఘము కల్తీకల్లును మాత్రము నిషేధించుటలో ఆశ్చర్యము లేదు.

అట్లని తక్కినవారు నిష్కాములని తలచుట పొరపాటు. యాడ్‌బ్లాక్ ప్లస్‌ను నడపు జర్మనీ దేశపు ఐయో సంస్థ 2011 నుండి ‘అంగీకార్యమైన ప్రకటనలు’ అను పేర కొన్నిటిని పోనిచ్చుచు, పెద్ద సంస్థలయొద్ద అందులకు సొమ్ము పుచ్చుకొనుచున్నది. బ్రేవ్ మొదట, పత్రికల ప్రకటనలను తొలగించి ఆ చోట తన ప్రకటనలు నిలుపుదునని చెప్పగా, 2016 ఏప్రిలులో అమెరికా వార్తాపత్రికల సంఘమును 17 ప్రచురణ సంస్థలును అది చట్టవిరుద్ధమని లేఖ వ్రాసిరి. పిమ్మట 2019లో, అంగీకరించిన వాడుకరులకే తన ప్రకటనలు చూపి, వచ్చిన సొమ్ములో 70 శాతము వారికే యిచ్చు పద్ధతిని పెట్టెను. 2020 జూనులో మరియొక సంగతి వెల్లడియయ్యెను. వాడుకరి కొన్ని క్రిప్టో వ్యాపారుల చిరునామాలు టైపుచేయునపుడు, బ్రౌజరు తనకు కమీషను వచ్చు గుర్తును దానికి తానే తగిలించుచుండెను. విమర్శలు రాగా ఐక్ తప్పొప్పుకొని దానిని తొలగించెను. కావలివాడు జీతము ఎవరియొద్ద తీసికొనుచున్నాడో తెలిసికొనకుండ తాళపుచెవులు అప్పగింపరాదు గదా.

న్యాయస్థానముల యెదుటను ఈ ప్రశ్న నిలిచెను. జర్మనీ దేశపు అత్యున్నత సివిల్ న్యాయస్థానము 2018 ఏప్రిల్ 19న, ప్రచురణకర్తలైన ఆక్సెల్ స్ప్రింగర్ సంస్థ వేసిన వ్యాజ్యములో, ప్రకటన నిరోధము అన్యాయపు పోటీ కాదని తీర్పు చెప్పెను. తన తెరపై ఏమి కనబడవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ వాడుకరిదని దాని సారము. ఆ సంస్థయే గ్రంథస్వామ్యమును ఆధారము చేసికొని మరియొక వ్యాజ్యము వేయగా, 2025 జులై 31న ఆ న్యాయస్థానము దానిని తిరిగి విచారింపుమని హాంబర్గు కోర్టునకు పంపెను.

భారతదేశమున ఈ నిరోధము ఎక్స్‌టెన్షనుల ద్వారముననుగాక చేతిఫోనుల బ్రౌజరుల ద్వారముననే వ్యాపించెను. పేజ్‌ఫేర్ అను సంస్థ 2016లో వెలువరించిన నివేదిక ప్రకారము, ఆ యేడు మార్చి నాటికి లోకమున 41.9 కోట్లమంది చేతిఫోనులలో ప్రకటనలను అడ్డగించుచుండిరి. అందు చైనావారు 15.9 కోట్లు, భారతీయులు 12.2 కోట్లు. కారణము సిద్ధాంతము కాదు, డేటా ఖర్చు. మనదేశమున వారిలో పెక్కుమంది వాడినది చైనా దేశపు యూసీ బ్రౌజరు. చవకఫోనులలో తేలికగా నడచునది, ప్రకటనలను ఆపునది యని జనులు మెచ్చిరి. 2020 జూన్ 29న కేంద్రప్రభుత్వము నిషేధించిన 59 యాప్‌లలో అదియు నొకటి. పుటలోని వేగులను ఆపుటకు పెట్టుకొన్న కావలివాని నమ్మకమునే ప్రభుత్వము ప్రశ్నించుట ఇందలి విశేషము.

తెలుగు పుటల మాట యేమి? గూగుల్‌వారి ఆడ్‌సెన్స్, అనగా చిన్న వెబ్‌సైటులకు ప్రకటనలను కుదిర్చిపెట్టు ఏర్పాటు, హిందీని 2014లో అంగీకరించినను తెలుగును 2018లో గాని అంగీకరింపలేదు. అప్పటికి ఒపెరా, బ్రేవ్‌లు వచ్చి రెండేండ్లు. క్రోమ్ నిరోధము మొదలైనదియు ఆ యేడే. తెలుగు పుటకు ఆ వాకిలి తెరువబడునప్పటికే చదువరి వైపు తలుపు మూతపడుచుండెను. ఇంగ్లీషు పత్రిక చందాదారులను సంపాదించి నిలువగలదు. సొంతముగా పద్యములకో, పిల్లల పాఠములకో, ఊరి చరిత్రకో వెబ్‌సైటు నడుపుచు, సర్వరు అద్దెకు చాలినంత రాబడియే చాలునను తెలుగువానికి చందాదారులు ఎక్కడ? నిరోధమువలన మొదట దెబ్బతినువారు ఇట్టివారే. ఇది కష్టమైన చిక్కు. వేగును సహింపుమని చదువరికి చెప్పుట న్యాయము కాదు. మూతపడుమని ఆ పుటకు చెప్పుటయు న్యాయము కాదు.

భాషాసంబంధమైన మరియొక చిక్కు కలదు. ఈజీలిస్ట్ ప్రధానముగా ఇంగ్లీషు పుటలకై పుట్టినది. భారతీయభాషల పుటలకు ఇండియన్‌లిస్ట్ అను అనుబంధపు పట్టిక వేరుగా కలదు. హిందీ, తమిళము, కన్నడము, మరాఠీలతోపాటు తెలుగును అందు జేరినది. దీనిని వ్రాయుచున్నవారును స్వచ్ఛంద సేవకులే. ఏ భాగము ప్రకటన, ఏ భాగము సంఘపు ప్రకటనము, ఏది వ్యాపారము, ఏది సభకు ఆహ్వానము అనుట ఆ భాష చదువగలవాడే చెప్పగలడు. తెలుగు రానివాడు వ్రాసిన నియమము ఉగాది కవిసమ్మేళనపు ఆహ్వానపత్రికను దాచివేసినను ఆశ్చర్యపడనక్కరలేదు. ఇట్టి తప్పులు కనబడినపుడు పట్టిక నిర్వాహకులకు తెలియజేయు మార్గము అందరికిని తెరచియున్నది. అందుకు ప్రోగ్రాములు వ్రాయుట రానక్కరలేదు, తెలుగు చదువుట వచ్చిన చాలును.

అడ్డగించువారికి ప్రతిగా ప్రకటనల సంస్థలును ఎత్తులు వేయుచునే యున్నవి. తమ సర్వరునకు పత్రిక చిరునామాలోనే యొక మారుపేరు పెట్టించి, ఇంటివారివలె లోనికి వచ్చుట ఒక యెత్తు. 2020లో బ్రేవ్ ఈ మారుపేర్ల వెనుకనున్న అసలు పేరును చూచి ఆపుట మొదలుపెట్టెను. యూట్యూబు ప్రకటనలు వీడియో వచ్చు మార్గముననే వచ్చుటచే వానిని వేరుచేయుట కఠినము. నిరోధకము నడపువారికి వీడియోయే చూపమని ఆ సంస్థ 2023 నుండి హెచ్చరించుచున్నది. నిరోధము నడచుచుండగా కొన్ని పుటలు చెడుటయు కలదు; బ్యాంకు పుట తెరచుకొనదు, దరఖాస్తు పంపు మీట పనిచేయదు. అప్పుడు చిరునామా పంక్తి ప్రక్క నుండు డాలు గుర్తును నొక్కి, ఆ యొక్క వెబ్‌సైటునకు మాత్రము నిరోధమును ఆపుకొనవచ్చును. నమ్మకమైన చిన్న తెలుగు పుటను బ్రతికింపదలచినవారికిని ఆ డాలు గుర్తే సాధనము.

సంఘముల వెబ్‌సైటులు నడుపువారికి ఇంతకంటె సులభమైన దారి యొకటి కలదు. బ్రేవ్ సాధారణ స్థితిలో మూడవ పక్షపు ప్రకటనలనే ఆపును; పుట యెవరిదో వారి సర్వరునుండియే వచ్చు ప్రకటనను పోనిచ్చును. సంచికలో అచ్చువేసినట్లే, నగల యంగడివారి ప్రకటనను ఒక సామాన్యమైన బొమ్మగా తమ సర్వరులోనే యుంచి, వారియొద్ద నేరుగా సొమ్ము తీసికొన్నచో, అందు వేలము లేదు, చీటీ లేదు, వేగు లేదు. బ్రౌజరు దానిని తక్కిన బొమ్మలతో సమానముగా తెచ్చి చూపును. కాని ఆ బొమ్మ ఫైలునకు పేరు పెట్టునపుడు కొంత జాగ్రత్త వలయును. ఇంగ్లీషున ‘యాడ్స్’ అనియో, ‘బ్యానర్’ అనియో పేరు పెట్టినను, అట్టి పేరుగల ఫోల్డరులో నుంచినను, పట్టికలలోని సామాన్య నియమములు ఆ మాటను చూచియే దానిని త్రోసివేయవచ్చును. అంగడివారి పేరే ఫైలునకు పెట్టుట మేలు.